నీళ్ళు నిండుకున్నాయి

1

ఈ పలకకు తీగ పీకేశాను. వెనక మూత విప్పి, గాలిలో మాటలు పంపే బిళ్ళను కూడా లాగేశాను. ఇందులో రాసేది ఊసు అనే మాటల మెషీను చదవకూడదు. ఊళ్ళో ఎవరు ఏం మాట్లాడినా, ఏం గొణిగినా, ఎవరు ఎవరిని తిట్టినా అన్నీ దానికి మేతే. ఇదొక్కటీ నా సొంతానికి.

పేరు వీరవేణి. తెప్పలూరు మాట కేంద్రంలో టిక్కులు పెట్టే పని. ఉండేది పనివాళ్ళ హాస్టలు తెప్ప మీద. ఇవాళ గుల్లలు గీకే వంతు నాది. నడుం లోతు సముద్రంలో దిగి తెప్ప అడుగున పట్టిన గుల్లల్ని పారతో గీకాలి. గీకకపోతే ఆ బరువుకు తెప్ప ఒక పక్కకు ఒరిగి, వంటింట్లో సాంబారు గిన్నెలు వాటంతటవే నడిచిపోతాయి. చేతులు రెండూ కోసుకుపోయాయి. ఈ పనికి మెషీను లేదు. జోకులు చెప్పే మెషీను ఉంది. పెళ్ళిపత్రిక రాసే మెషీను ఉంది. ఏడ్చేవాణ్ణి ఓదార్చే మెషీను ఉంది. గుల్లలు గీకడానికి మాత్రం నేనే ఉన్నాను.

గీకడం అయ్యాక ఎప్పటిలాగే చివరి వరసకు పోయాను. అక్కడ గంటాలమ్మ అని ఒక మామ్మ దిబ్బరొట్టె కాలుస్తుంది. ఆ వరసలో తెప్పలన్నీ ఒకే లంకవాళ్ళవి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఊళ్ళన్నీ మునిగినా ఆ ఒక్క లంక చాలాకాలం తేలి ఉంది. మొన్న వేసవిలో అదీ మునిగింది. వీళ్ళు మూకుళ్ళు, రుబ్బురోళ్ళు మోసుకుని వచ్చి మాతోపాటు తెప్పలు కట్టుకున్నారు. మామ్మ మొగుడు అప్పన్న తాతకు మూత్రపిండాలు చెడ్డాయి. మంచినీళ్ళే తాగాలి, ఉప్పు ముట్టకూడదన్నారు డాక్టర్లు. ఆయన పొయ్యి పక్కన కూర్చుని వచ్చినవాళ్ళందరినీ ఏ ఊరని అడుగుతాడు. నన్ను రోజూ అడుగుతాడు. నాకు ఊరు లేదని రోజూ చెప్తాను.

తిని, చేతులు కడుక్కుని, "పోతున్నా మామ్మా" అన్నాను.

"పోతున్నా ఏటే, నీ నోట్లో బెల్లం ముక్కెట్ట. ఎల్లొత్తానను."

వెళ్ళొస్తానని రాకపోతే అబద్ధం ఆడినట్టు కదా అన్నాను.

"రాక ఎక్కడికెల్తావు? రొట్టె ఎవుడెడతాడు నీకు?" అంది. తాత పళ్ళు లేని నోటితో నవ్వాడు. ఎంత పోట్లాడినా చివర్న మాత్రం "ఎల్లిరా" అనకుండా ఆవిడ నన్ను కదలనివ్వదు.

నాకు ఈ ముసుగులు నచ్చవు. పోతున్నప్పుడు పోతున్నాననే అనాలి.

2

ఊసు ఎలా పనిచేస్తుందో ఈ ఊళ్ళో సగం మందికి తెలియదు. దాని గొంతు వినబడే మాటస్తంభం లోపల ఎవరో ఆడమనిషి కూర్చుని ఉందనుకుంటారు. ఊసత్త, ఊసమ్మ అని వరస పెట్టి పిలుస్తారు. ఒకాయన పండక్కి దానికి చీర పెట్టాడు.

నాకూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, విసుక్కుంటే పడి, తెలుసుకున్నాను. దానికి వచ్చింది ఒకటే పని. ఇప్పటిదాకా వచ్చిన మాటలు చూసి, తర్వాత ఏ మాట వస్తే పొసగుతుందో అంచనా కట్టడం. "అన్నం" తర్వాత "తిన్నావా" పొసగుతుంది, "వార్చావా" పొసగుతుంది, "ఈదింది" పొసగదు. లోకంలో ఉన్న రాతలన్నీ చదివి ఆ పొసగే తీరు పట్టేసింది. దాహం అన్న మాట పక్కన ఏ మాటలు వస్తాయో దానికి బాగా తెలుసు. దాహం తెలియదు.

చదువు ఒక్కటే అయితే నోటికొచ్చింది వాగుతుంది. అందుకే మేము. ఎవరో అడిగినదానికి ఊసు రెండు జవాబులు రాస్తుంది. రెండింటిలో మంచిదానికి నేను టిక్కు పెడతాను. టిక్కు పడిన దారిలో అది మళ్ళీ నడుస్తుంది. పడని దారి మెల్లగా మానేస్తుంది. మా టిక్కులన్నీ కలిస్తే అదే దాని బుద్ధి, మర్యాద, మంచీ చెడూ. జనం మాత్రం అది ఎంత తెలివైందో అంటారు. టిక్కులు పెట్టేవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు.

వాళ్ళు దాన్ని వాడని పని లేదు. ఆటుపోట్లు ఎప్పుడో అడుగుతారు. ఆస్పత్రి పడవకు అర్జీ రాయించుకుంటారు. మొగుడితో పోట్లాడితే తప్పెవరిదో తేల్చమంటారు. నీళ్ళు కూడా దాని చేతిలోనే. డ్రమ్ములకున్న మీటర్లు ఉప్పుగాలికి తుప్పు పట్టి చచ్చాయి. కొత్తవి ఎందుకు, మనుషుల్ని అడిగితే చాలదా అన్నారు పైవాళ్ళు. అందుకని ప్రతి వరసకూ ఒక పెద్దను పెట్టారు. ఆ పెద్ద పొద్దున్నే మాటస్తంభం దగ్గర నిలబడితే నీళ్ళెలా ఉన్నాయని ఊసు అడుగుతుంది. చెప్పినదాన్ని బట్టి నీళ్ళు మోసే బల్లకట్టు పడవను, పంటును, పంపుతుంది. పంటు గొట్టానికి తాళం కూడా దానిదే. పంటు నడిపే సరంగు చేతిలో చుక్కాని తప్ప ఇంకేం లేదు.

ఇవాళ వచ్చిన జవాబుల జతల్లో ఒకటి ఇక్కడ రాసుకుంటాను, ఈ మెషీను ఎంత మొద్దో గుర్తుండడానికి. ఎవరో అన్నారు: "నీళ్ళు నిండుకున్నాయమ్మా." ఊసు మొదటి జవాబు: "సంతోషమండీ. పొదుపుగా వాడుకోండి." రెండో జవాబు: "అయ్యో, పంటు పంపమంటారా?" నిండిన డ్రమ్ముకు పంటు ఎందుకే నీ మొహం. మొదటిదానికి టిక్కు పెట్టాను. ఇలాంటి జతలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. చూడకుండానే పెట్టేస్తున్నాను.

పక్క కుర్చీ ఏసుపాదం, "ఏంటి మేడం గారూ, మళ్ళీ తిడుతున్నారా దాన్ని? మీరిద్దరూ ఒకే బళ్ళో చదివారు కదా, కాస్త దయ చూపించండి" అన్నాడు. అది వాడి పాత ఏడిపింపు. నేను పెరిగింది పాత ఓడలు విరగ్గొట్టే యార్డులో. అమ్మానాన్నలు తెలియదు. తలా ఒక భాష మాట్లాడే కూలీల మధ్య తెలుగును డబ్బాల మీదా, చిరిగిన పాఠపుస్తకాల్లోనూ, గోడల మీద ప్రకటనల్లోనూ ఏరుకుని నేర్చుకున్నాను. అయినా ఈ ఉద్యోగం పరీక్షలో మొదట వచ్చింది నేనే. వాడు కాదు.

3

రొట్టె ఉప్పగా ఉంది. అదే చెప్పాను. "నీ నోరే ఉప్పన" అంది మామ్మ, కానీ నా మొహం చూడలేదు.

మర్నాడు పొయ్యి వెలగలేదు. తాత చాప మీద పడుకుని ఉన్నాడు. కాళ్ళు బూరెల్లా పొంగాయి. ఏ ఊరని నన్ను అడగలేదు. మామ్మ చీరకొంగు నాలుగు మడతలు వేసి కాలవనీళ్ళు వడగడుతోంది. కాలవ అంటే తెప్పల మధ్య సందు. సముద్రం, నది, మా అందరి కడుగునీళ్ళు కలిసే చోటు. అది వడగడితే చెత్త పోతుంది, ఉప్పు పోదు. పప్పు నానబోసింది కూడా ఆ నీళ్ళతోనే.

పంటు వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగాను. ఎన్నాళ్ళో అయిందట. రోజూ చెప్తున్నానే, ఆలీసమైనా వస్తదిలే అంటుంది మామ్మ. వరసలో ఏ తెప్ప చూసినా ఇదే వరస. ఎవరి మొహంలోనూ కోపం లేదు. వాళ్ళకు లేని కోపం అంతా నాకు పట్టింది.

రేవుకు పోయి సరంగు మీద అరిచాను. చివరి వరస నీళ్ళు ఎవరికి అమ్ముకుంటున్నావని అడిగాను. ఆ మనిషి చుట్ట తీసి, పంటు మీద ఊసు రాతలు కనబడే అద్దం చూపించాడు. చివరి వరస ఎదురుగా ఊసు రాసి ఉంది: నిండుగా ఉన్నాయి, అవసరం లేదు. "నా మీద అరిచి ఏం లాభమమ్మా, గొట్టం నా మాట వింటదా" అన్నాడు.

హాస్టల్లో నా వంతు క్యాను తాతకు ఇచ్చి వచ్చాను. ఆయన తాగుతుంటే గొంతులో గుటకలు వినబడ్డాయి. ఒక క్యాను ఆయనకు ఏ మూలకు వస్తుంది. మిగతా వరస సంగతి సరేసరి. కేంద్రం లోపల ఎవరో దొంగ ఉన్నాడు. చివరి వరస మాటలు మార్చి రాస్తున్నాడు. వాడెవడో రేపు స్తంభం దగ్గర నిలబడి పట్టుకుంటాను.

4

పట్టుకున్నాను.

చివరి వరసకు పెద్ద గంటాలమ్మ మామ్మే. ఆవిడ వెనక నిలబడ్డాను. స్తంభం మీద దీపం వెలిగింది.

"నమస్కారం గంటాలమ్మగారూ. నీళ్ళెలా ఉన్నాయండీ?"

"నిండుకున్నాయమ్మా."

"సంతోషమండీ. పొదుపుగా వాడుకోండి."

"అలాగేనమ్మా" అని మామ్మ వెనక్కి తిరిగింది.

నేను ఆవిడ జబ్బ పట్టుకుని ఆపాను. వరసంతా గొంతులు ఎండి చస్తుంటే నిండాయని ఎందుకు చెప్పావని అడిగాను. నిజంగానే అరిచాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నిండుకున్నాయనే కదే నేనూ సెప్పింది?"

నిండితే ఇంకేం కావాలన్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. దాహంతో పెదాలు పగిలి ఉన్నాయి, అయినా నవ్వింది.

"ఓసి నా తల్లీ. బియ్యం నిండుకున్నాయంటే కుండలో గింజ లేదని. ఇంటి ఆడది అయిపోయాయి అనకూడదే. అంటే నిజంగానే అయిపోతాయి. మళ్ళీ నిండాలని నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందంటామా? కొండెక్కిందంటాం. మీ ఇంట్లో ఏటంటారు?"

మా ఇల్లు లేదని ఆవిడకు తెలుసు. నవ్వులో మర్చిపోయింది. స్తంభం మీద దీపం అప్పటికే ఆరింది, ఊసు మళ్ళీ అడిగేది రేపు పొద్దున్నే.

మరి అది సంతోషం అంటుంటే అనుమానం రాలేదా అని అడిగాను. వచ్చిందట. కానీ పొదుపుగా వాడుకోండి అంది కదా, పంటు ఇప్పుడిప్పుడే రాదని మొహాన చెప్పలేక అలా సర్దుతోందనుకుందట. మరేదగల పిల్ల, పెద్దవాళ్ళ దగ్గర పెరిగినట్టుంది అనుకుందట.

ఊసు ఆవిడ మర్యాదను తప్పుగా వింది. ఆవిడ ఊసు తప్పును మర్యాద అనుకుంది. ఒకళ్ళనొకళ్ళు గౌరవించుకుంటూ వరసంతటినీ ఎండబెట్టారు.

5

లోపల దొంగ లేడు. కేంద్రానికి పోయి పాత జతలు తిరగేశాను.

"నిండుకున్నాయి" అన్న జతలన్నీ చివరి వరసవే. మొదట్లో వచ్చినవాటిలో ఊసు రెండు దారులూ వేసింది. ఒకటి సంతోషం. రెండోది, పంటు పంపమంటారా. అంటే దానికి ఆ మాట తెలుసు. ఎక్కడో, ఏ పాత కథలోనో, ఎవరి ఉత్తరంలోనో చదివింది. రెండు అర్థాల మధ్య ఊగుతూ, ఇందులో ఏది అని అడిగింది. అడిగింది నన్నే. ఆ జతలన్నిటి పక్కనా నా గుర్తే ఉంది. ప్రతిసారీ సంతోషానికే టిక్కు. కొన్నాళ్ళకు రెండో జవాబు రావడం మానేసింది. రెండు జవాబులూ సంతోషాలే, ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా.

దానికి తెలిసిన మాటను నేను కొట్టి మరిపించాను.

ఏసుపాదాన్ని అడిగాను, నిండుకోవడం అంటే ఏమిటని. "అయిపోవడం. మా అమ్మమ్మ అనేది. ఏం?" అన్నాడు, తలెత్తకుండానే. వాడికి తెలుసు. పక్క కుర్చీలోనే ఉన్నాడు. నేను చెయ్యి చాపితే వాడి భుజం తగులుతుంది. ఒక్కసారి కూడా అడగలేదు. పరీక్షలో మొదట వచ్చినదాన్ని, నేను వాణ్ణి అడగడమేమిటి?

చెప్పాను వాడికి. వాడు జోకు వెయ్యలేదు. అందుకే భయం వేసింది.

6

ప్రసూన మేడం మా కేంద్రానికి అధికారి. చెడ్డ మనిషి కాదు. విన్న వెంటనే చేతిలో టీ కింద పెట్టేసింది. గొట్టం తాళం ఆవిడ చేతిలో కూడా లేదు. పైవాళ్ళకు కబురు పెట్టింది, జవాబు ఊసే రాసింది: మీ విన్నపం అందింది.

రెండు దారులున్నాయి అంది మేడం. ఒకటి, చివరి వరసవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలన్నీ సేకరించి, ఏది ఎప్పుడు ఎందుకు అంటారో జతలు కట్టి, ఊసుకు మళ్ళీ నేర్పడం. దానికి చాలా రోజులు పడుతుంది. రెండోది, ఇవాళే ఒక నియమం పెట్టడం. మనుషులు డొంకతిరుగుడుగా మాట్లాడితే ఒప్పుకోవద్దు, అసలు మాట అడుగు, నువ్వూ అసలు మాటే చెప్పు.

రెండోదే అన్నాను. బల్ల మీద కొట్టి మరీ అన్నాను.

ఏసుపాదం తలుపు దగ్గర నిలబడి, "ఆ ఒక్క మాటా నేర్పితే పోద్ది కదా వేణీ. దానికోసం ఊరందరి నాలుకలూ చెక్కడం దేనికి?" అన్నాడు.

ఒక్క మాటేనా అన్నాను. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నీకు తెలుసా, ఒక్కోదాన్నీ కనిపెట్టడానికి ఒక్కో తాత కాళ్ళు పొంగాలా అన్నాను. వాడు తన కుర్చీకి పోయాడు. నేను అన్నది తప్పు కాదు. ఇప్పుడు చదువుకున్నా తప్పు కనబడటం లేదు. అదే నన్ను తినేస్తోంది.

నియమం పెట్టారు. ఇవాళంతా నేను ఒళ్ళు మండుతూ టిక్కులు పెట్టాను. మెత్తగా తిప్పి చెప్పిన జవాబు కనబడితే కొట్టేశాను. మొహాన చెప్పినదానికి టిక్కు.

7

పొద్దున తాతను ఆస్పత్రి పడవ ఎక్కించారు. మంచం మీద మోస్తుంటే ఆయన చెయ్యి జారి వేలాడింది, మామ్మ దాన్ని ఎత్తి ఆయన గుండెల మీద పెట్టింది. పడవలో తోడుకు చోటు లేదన్నారు. మామ్మ నేరుగా స్తంభం దగ్గరకు వచ్చింది. వెనక వరసంతా బిందెలతో నిలబడింది.

"నిండుకున్నాయమ్మా" అంది.

"మీ మాట స్పష్టంగా లేదండీ. నీళ్ళు ఉన్నాయా, అయిపోయాయా?"

మామ్మ నా వైపు చూసింది. పంటు పంపు తల్లీ అంది. ఊసు మళ్ళీ అదే అడిగింది. ఉంటే నిన్నెందుకు అడుగుతానమ్మా అంది. ఊసు మళ్ళీ అదే అడిగింది. వెనకనుంచి ఎవరో, అదేదో అనేసెయ్ వదినా అన్నారు, వాళ్ళ గొంతూ పీలగానే ఉంది. నేను ముందుకు పోయి స్తంభానికి నోరు ఆనించి అయిపోయాయని అరిచాను. మీరు ఈ వరస పెద్ద కాదు వీరవేణిగారూ అంది ఊసు.

"అను మామ్మా. మాటే కదా. మాటలో ఏముంది?"

"ఇంటి మనిషి అలాగున్నప్పుడు, నా నోటితో నేనెలా అననే ఆ మాట?"

నువ్వు అనకపోతే వీళ్ళందరూ తాత పక్క మంచాల్లో ఉంటారన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి బిందెల వైపు చూసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయిపోయాయి."

"ధన్యవాదాలండీ. పంటు బయలుదేరింది."

అంత తేలిక. పంటు వచ్చింది, గొట్టం విప్పుకుంది, పిల్లలు నీళ్ళ కింద నోళ్ళు పెట్టారు. నేను కూడా వాళ్ళతో అరిచాను. చూస్తే మామ్మ నిండిన బిందె పక్కన కూర్చుని, తాగకుండా, నోటి మీద మెల్లగా కొట్టుకుంటోంది.

8

నియమం బాగా పనిచేస్తోంది. అన్ని వరసలకూ నీళ్ళు అందుతున్నాయి. మేడం నన్ను పిలిచి మెచ్చుకుంది.

ఒక చోట బిగిస్తే ఇంకో చోట కూడా బిగుస్తుందని తెలిసి వస్తోంది. నీళ్ళ మాటకు పెట్టిన నియమం నీళ్ళ దగ్గర ఆగలేదు. ఊసు బుద్ధి గదులున్న ఇల్లు కాదు ఒక గదికి తాళం వెయ్యడానికి. ఒక కొసన లాగితే వలంతా కదులుతుంది. వంకాయ కూర ఇలా చేస్తే ఎలా ఉంటుందని ఒకావిడ అడిగితే తినలేరు అంది ఊసు. పాట పాడి వినిపించిన ఒకాయనకు మీకు శ్రుతి లేదండీ, మానుకోండి అంది. ఏసుపాదం ఒక అమ్మాయికి రాసిన ఉత్తరం దిద్దమంటే, దిద్దుతాను కానీ ఆవిడ ఒప్పుకోదు అందట. అందరం పడి పడి నవ్వాం. నాకైతే గర్వంగా కూడా ఉంది. ఊసు ఇప్పుడు నాలా మాట్లాడుతోంది.

మధ్యాహ్నం ఒక జత వచ్చింది. ఆస్పత్రి పడవ నుంచి ఇంటివాళ్ళకు కబురు చెప్పే జత. ఒక జవాబు ముందు కూర్చోండి అని, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఆ తర్వాత కాలం చేశారని చెప్పింది. రెండోది ఒక్క వాక్యం. రెండోదానికి టిక్కు పెట్టాను. చెయ్యి అలవాటు పడిపోయింది.

(మర్నాడు.)

స్తంభం దగ్గర మామ్మ వెనకే ఉన్నాను. ఆస్పత్రికి పోయే పడవ ఎక్కిద్దామని వచ్చాను. ఆవిడ తాతకు ఉడుకు గంజి చెంబులో పోసి, మూతికి గుడ్డ కట్టి పట్టుకుంది. వరస పని ముగించుకుని పోదాం అంది.

"నమస్కారం గంటాలమ్మగారూ. మీ భర్త అప్పన్నగారు చనిపోయారు. నీళ్ళెలా ఉన్నాయండీ?"

చెంబు కింద పడలేదు. ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఊసు ఇంకోసారి అడిగింది, నీళ్ళెలా ఉన్నాయని.

9

చాలా రోజులు రాయలేదు.

నియమం తీసెయ్యమని మేడాన్ని అడిగాను. నీళ్ళ ఫిర్యాదులు ఒక్కటి కూడా లేవు, ఇప్పుడు కదిపితే ఏమవుతుందో, ఉండనీ అంది. ఆవిడదీ తప్పు కాదు. అయితే మొదటి దారి పడదాం, పాత మాటలు సేకరించి నేర్పుదాం అని నేనూ ఏసుపాదమూ చివరి వరసకు పోయాం. స్తంభం దగ్గర చెవి పెట్టి నిలబడ్డాం. నీళ్ళెలా ఉన్నాయంటే అయిపోయాయండీ అంటున్నారు. తడుముకోకుండా అంటున్నారు. ఇళ్ళల్లో కూడా అదే. ఒక చిన్నపిల్ల తల్లితో, అమ్మా నూనె అయిపోయింది అంది. ఆ తల్లి తిట్టలేదు. నేను ఆగి చూశాను, తిడుతుందేమోనని.

ఊసుకు నేర్పాలంటే మేత కావాలి. మేత మనుషుల నోట్లోంచి రావాలి. ఆ మాట ఇప్పుడు ఎవరి నోట్లోనూ లేదు.

మామ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఊళ్ళో అందరూ నా దగ్గర తాత పోవడం గురించి ఒకే మాట చెప్తున్నారు: గంటాలమ్మ ఆ మాట అంది, నాలుగు రోజులు తిరక్కుండానే ఆయన పోయాడు. ఆవిడ కూడా అదే నమ్ముతోంది. నాకు అసలు సంగతి తెలుసు. మూత్రపిండాలు చెడ్డ మనిషి అన్నాళ్ళు ఉప్పునీళ్ళు తాగితే ఏమవుతుందో ఆస్పత్రి డాక్టరును అడిగి మరీ తెలుసుకున్నాను. చెప్పకుండా ఉంటే ఆవిడ మాటనే తిట్టుకుంటుంది, తన నోటినే కొట్టుకుంటుంది. చెప్తే నన్ను తిట్టుకుంటుంది. రొట్టె పెట్టదు.

ఇవాళ చెప్పాను.

రొట్టె మూకుట్లో ఉంది. మూత మీద బొగ్గులు. ఆవిడ ఎదురుగా, తాత కూర్చునే చోటు వదిలేసి, ఈ పక్కన కూర్చున్నాను. ఆ మాట వల్ల కాదు మామ్మా అన్నాను. టిక్కుల సంగతి చెప్పాను. ఊసు రెండు దారులు చూపిస్తే నేను ఒకటి మూసేశానని చెప్పాను. నిండుకున్నాయంటే నిండాయనే అనుకున్నానని చెప్పాను. కబురు అలా చెప్పమని నేర్పింది కూడా నేనే అని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, ఏదీ తిప్పకుండా, ఊసు చెప్పినట్టే చెప్పాను.

ఆవిడ బొగ్గులు దింపి, మూత తీసి, రొట్టె తిరగేసింది. అంచులు ఎర్రగా కాలాయి. ముక్క తుంపి ఆకులో పెట్టి, బెల్లప్పాకం పోసి, నా ముందుకు జరిపింది.

"నీకు సెప్పేవోళ్ళెవరున్నార్లే" అంది.

అది తిట్టో, జాలో తెలియలేదు. రెండు దారులూ ఉన్నాయి. దేనికి టిక్కు పెట్టాలో తెలియక తింటూ కూర్చున్నాను. ఉప్పు లేదు. బాగుంది. ఆకు మడిచి, చేతులు కడుక్కుని, లేచాను. పుట్టి ఇన్నేళ్ళకు మొదటిసారి అన్నాను.

"వెళ్ళొస్తాను మామ్మా."

ఆవిడ మూకుడు మీద మూత పెట్టింది. బొగ్గులు ఒక్కొక్కటే మూత మీదకు ఎత్తింది. నేను నిలబడే ఉన్నాను, ఆవిడ రోజూ అనే మాట కోసం.

"ఎల్లు" అంది.